మాతృత్వమునకు తగిన వయస్సు

"పిల్ల పెద్దమనిషి యైనది గదా, తల్లి యగుటకు అడ్డేమి?" అను ప్రశ్న నేటికిని మన యిండ్లలో వినవచ్చుచున్నది. దీని యుత్తరముపై రెండు ప్రాణము లాధారపడియున్నవి. కావున దీని పూర్వచరిత్రను కొంత విచారింతము.

బాల్యవివాహమును సమర్థించువారు శాస్త్రమును ముందిడుకొందురు. రజస్వల కాకమునుపే కన్యాదానము చేయుమని కొన్ని స్మృతులు చెప్పినమాట నిజమే. కాని గర్భముసంగతి వైద్యశాస్త్రము నడుగవలెను. పదునాఱేండ్లు నిండని స్త్రీకి, ఇరువదియైదేండ్లు నిండని పురుషునివలన గలిగిన గర్భము కడుపులోనే చెడుననియు, శిశువు పుట్టినను చిరకాలము బ్రదుకదనియు, బ్రదికినను దుర్బలుడగుననియు సుశ్రుతసంహితలోని శారీరస్థానము హెచ్చరించుచున్నది. రజస్వల యగుట వేఱు, ప్రసవమునకు శక్తిగలుగుట వేఱని మన పూర్వు లెఱుగుదురు.

ఎఱిగియు మనవారేమి చేసిరో విజయనగరమే సాక్ష్యము చెప్పుచున్నది. ఆ పట్టణము నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ జిల్లాలో మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహములకు ఆనందగజపతి మహారాజుగారు ఒక పట్టిక వ్రాయించిరి. 1892లో ప్రదర్శింపబడిన కన్యాశుల్కము నాటకమును 1897లో అచ్చువేయించినపుడు, గురజాడ అప్పారావుగారు పీఠికలో ఆ లెక్కల నిచ్చిరి. మొత్తము వివాహములు 1034. వధువులలో ఐదేండ్లవారు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాదివారు 3. ఈ ఏడాది పసికందుల వెల 350 మొదలు 400 రూపాయలు! కడుపులోనున్న బిడ్డకు సైతము బేరము కుదుర్చుకొనుట కలదని ఆయన వ్రాసిరి.

రజస్వలయైన కొలదికాలమునకే పునస్సంధానము జరుగుట నాటి యాచారము. ఆ లెక్కలలో వయస్సు కలదు, వెల కలదు. ఆ బాలికలు పురిటిలో నేమైరో లేదు. ఆ సంగతి యడుగవలెనని యెవరికిని తోచలేదు కాబోలు.

తరువాత శాసనములు వచ్చినవి. 1891 నాటి చట్టము భర్తతోనైనను సంగమమునకు బాలిక వయస్సు పండ్రెండుగా నిర్ణయించెను. 1929లో శారదాచట్టము వివాహవయస్సును పదునాలుగు చేసెను. 1978లో అది పదునెనిమిదియైనది. 2006లో మఱింత గట్టి చట్టము వచ్చినది. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29.3 మంది పదునెనిమిదేండ్లకు మునుపే వివాహితలని తేలినది. 15–19 ఏండ్ల వారిలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భిణులో యైయుండిరి; దేశము మొత్తముమీద ఈ లెక్క 6.8 మాత్రమే.

నేటి వైద్యులును సుశ్రుతుని హెచ్చరికనే సమర్థించుచున్నారు. చిన్నవయస్సున కటియెముకలు పూర్తిగా పెరుగవు; బిడ్డ అడ్డుపడి కాన్పు ప్రాణాంతకము కావచ్చును. తన యెదుగుదలకే చాలని రక్తమును బాలిక గర్భస్థశిశువుతో పంచుకొనవలెను. రక్తపుపోటు పెరిగి మూర్ఛలు వచ్చుట, కాన్పు పిమ్మట గర్భాశయము చీముపట్టుట ఇరువదులలోని తల్లులకంటె వీరికి హెచ్చు. బిడ్డలును నెలలు నిండకయో, బరువు తక్కువగనో పుట్టుదురు.

కావున గృహస్థులకు మా మనవి యిది. పిల్లను చదువనిండు; పెండ్లికి తొందరపడకుడు. ఒకవేళ పొరపాటు జరిగి బాలిక గర్భవతియైనచో, శిక్షకు వెఱచియో సిగ్గుపడియో ఆమెను ఇంట దాచకుడు. మొదటి నెలలలోనే వైద్యురాలికి చూపుడు. తప్పు పెద్దలది, దానికి ఆమె ప్రాణము చెల్లింపరాదు.