కొండ దిగువ బడిలో ఏ పుస్తకాలుండాలి?

చోడవరం నుంచి పాడేరు వెళ్లే దారిలో ఘాట్ రోడ్డు ఎక్కేముందు మాడుగుల తగులుతుంది. హల్వాకు పేరుపడ్డ ఊరు మైదానంలో ఉంది, దాని వెనకాలే మన్యం మొదలవుతుంది. 2022లో విశాఖ జిల్లాను విడదీసినప్పుడు మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కొండమీద పిల్లలు ఇళ్లల్లో కువి, కుపియా, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. బళ్లో చదివేది తెలుగు, ఇప్పుడు ఇంగ్లీషు. ఇలాంటి చోట బడి బీరువాలోకి ఏ పుస్తకాలు రావాలన్నది పెద్ద ప్రశ్న. తెలుగునాట దీనికి ఎవరెవరు ఏ జవాబు చెప్పారో ఒకసారి వెనక్కి వెళ్లి చూద్దాం.

1832 నాటి బాలశిక్ష, 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రిక పిల్లవాడికి అక్షరమూ నీతీ నేర్పడానికి పుట్టినవి. ఏది చదవాలో పెద్దలు నిర్ణయించారు. చదివే పిల్లవాడి ఇల్లు, వాడ, వాళ్లమ్మ చేసే పని వాటిలో కనబడవు. ఆ కాలానికి అలాంటి ఆలోచనే లేదు.

ఆలోచన మొదట వచ్చింది మన ఉత్తరాంధ్ర వైపే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారు. గిడుగు అనగానే వాడుక భాషా ఉద్యమాన్నే తలుచుకుంటాం. నా లెక్కలో ఆ సవర వాచకం అంతకంటే చిన్న పని కాదు. పిల్ల ఇంట్లో వినే మాట అచ్చులో కనబడితే చదువు దగ్గరవుతుందని ఆయనకు నూరేళ్ల కిందటే తెలుసు.

1914లో బెజవాడలో మొదలైన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి శ్రమ పల్లెపల్లెకూ పుస్తకాలను చేర్చాయి. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. అంటే పుస్తకాల ఎంపికలో మనకు హక్కు ఉంది; డబ్బు మనదే.

ఈలోగా పిల్లల సాహిత్యం ఊపందుకుంది. చింతా దీక్షితులు పిల్లలకు లక్కపిడతలు రాశారు. పెద్దల కథల్లో చెంచులను, సుగాలీలను తెచ్చారు. ఆ రెండు చేతులూ ఒకే పుస్తకంలో కలిసి ఉంటే ఎంత బాగుండేది! 1945లో న్యాయపతి దంపతుల ‘బాల’, 1947లో ‘చందమామ’ పత్రికలు వచ్చాయి. చందమామ కొన్ని తరాలకు చదవడంలో రుచి పుట్టించింది, దానికి రుణపడి ఉన్నాం. కానీ అందులోని లోకం ఎక్కువగా రాజులది, జమీందార్లది, వర్తకులది. తర్వాతి కాలంలో సంతాలీలో కూడా చందమామ వెలువడింది. మన కొండల కువికి ఆ భాగ్యం దక్కలేదు.

విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు ఇంకో కిటికీ తెరిచాయి. మంచు కురిసే ఊళ్లు, ఎలుగుబంట్లు, రష్యా పిల్లలు తెలుగు పిల్లలకు స్నేహితులయ్యారు. ఆ మేలు మరువలేనిది. అయితే మాస్కో పిల్లవాడిని ఎరిగిన మైదానం పిల్లవాడికి ఘాట్ రోడ్డు పైన ఉండే పిల్లవాడు మాత్రం పరిచయం కాలేదు.

ఇలాంటి లోటునే అమెరికాలో 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త లెక్కకట్టి చూపింది. మూడేళ్లలో వచ్చిన ఐదువేల పైచిలుకు పిల్లల పుస్తకాల్లో నల్లజాతివారు ఒక్కరైనా కనబడినవి 6.7 శాతమే. తెలుగులో అటువంటి లోటు తీర్చే గట్టి ప్రయత్నం హైదరాబాదులోని అన్వేషి సంస్థ చేసింది. 2008లో వెలువడ్డ ‘డిఫరెంట్ టేల్స్’ వరుస తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో వచ్చింది. అందులో గోగు శ్యామల కథలో దళిత పిల్ల దొరను ఎదిరిస్తుంది. ఖదీర్ బాబు కథలో ఒక ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండుతారు. మేకతల ఇంటికి రావడం, దాన్ని వండడం, అందరూ కలిసి తినడం: అంతే కథ. నీతి లేదు, జాలి లేదు. ఆ వాసన ఎరిగిన పిల్ల తన ఇంటిని పుస్తకంలో చూసుకుంటుంది. ఎరగని పిల్ల పక్కింటిని గౌరవంగా చూస్తుంది. పుస్తకం ఎంచేటప్పుడు నేను చూసేది ముందుగా ఇదే.

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కువి, కొండ, సవర, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చారు. గిడుగు బాటకు అది కొనసాగింపు. పక్కనే ఒడిశాలో ప్రథమ్ బుక్స్ ముండా, సౌరా, కుయి, జువాంగ్ భాషల్లో బొమ్మల కథలు తెచ్చింది. ఆ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా కథలు చదవొచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు. వాచకం పరీక్షకు చదివేది. ఇష్టంతో చదివే కథల పుస్తకం కొండ భాషల్లో ఇంకా బాగా తక్కువ.

సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడికి గ్రంథాలయం కోసం ఏడాదికి 5,000 రూపాయల దాకా వస్తుంది. చిన్న మొత్తమే. మాడుగుల, చోడవరం మాస్టార్లను, గ్రంథాలయాధికారులను కోరేది ఒకటే: ఈసారి జాబితా రాసేముందు హాజరుపట్టీ పక్కన పెట్టుకోండి. అందులో ఉన్న పిల్లల ఇళ్లు ఏ పుస్తకంలో ఉన్నాయో చూసి కొనండి. లేకపోతే ఆ పిల్లల అమ్మమ్మల చేత కథ చెప్పించి, రాయించి, బొమ్మలు వేయించి బీరువాలో పెట్టండి. ఆ బీరువాకు తాళం మాత్రం వేయకండి.