ప్యాకార్డ్ పరువు

పట్టుచీర విలువంతా జరీలోనే ఉందనుకుంటాం గానీ, సగం విలువ పక్కింటావిడ దగ్గర అలాంటిది లేకపోవడంలో ఉంది. కాదంటారా? కార్ల సంగతీ అంతే.

అమెరికాలో ప్యాకార్డ్ అని ఓ కారుండేది. దాని పుట్టుకే ఓ పంతం. ఒహాయోలో జేమ్స్ ప్యాకార్డ్ అనే ఆయన 1898లో వింటన్ కారు కొన్నాడు. అది మాటిమాటికీ మొరాయిస్తుంటే వెళ్ళి చెప్పుకున్నాడు. "అంత తెలిసినవాడివి, నువ్వే ఒకటి చేసుకోరాదూ!" అన్నాట్ట వింటన్. 1899లో చేసి చూపించాడు! 1920ల నాటికి గొప్పింటి గుమ్మాల్లో ప్యాకార్డే. "ఉన్నవాణ్ణి అడగండి" అని ప్రకటన. ఎంత ధీమా!

1929 తర్వాత మాంద్యం వచ్చిపడింది. గొప్పవాళ్ళే చితికిపోతే అంతంత ఖరీదు కార్లు ఎవరు కొంటారు? 1935లో వెయ్యి డాలర్ల లోపు నుంచే దొరికే 'వన్ ట్వంటీ' దింపారు. 1937లో ఇంకా చవకది. జనం ఎగబడ్డారు, కంపెనీ బతికింది. తప్పనను. ఆకలేస్తే పరువు వండుకు తింటామా? కానీ పేరూ అదే, ముఖకవళికలూ అవే. వీధి చివర ప్లీడరు గారికీ ప్యాకార్డే అయ్యాక, షావుకారు గారు మెల్లిగా క్యాడిలాక్ వైపు జరిగారు. ఆ క్యాడిలాక్ వాళ్ళు గడుసువాళ్ళు, తమ చవక కారుని 1940 దాకా లాసాల్ అని వేరే పేరుతో అమ్మారు.

1954లో ప్యాకార్డ్, స్టూడిబేకర్ కలిశాయి. 1957లో స్టూడిబేకర్ బండికే ప్యాకార్డ్ పేరు తగిలించారు. పేరు మారితే చూసేవాళ్ళకి తెలియదూ? 1958తో ప్యాకార్డ్ కథ ముగిసింది.

అన్నట్టు, ఆ గడుసు క్యాడిలాక్ వాళ్ళే 1981లో చెవర్లే చిన్నకారుకి నగిషీలు చెక్కి, సిమరాన్ అంటూ తమ పేరుతో అమ్మకానికి పెట్టారు. 1988లో మానుకున్నారు.