గ్రంథాలయ వారోత్సవాలు

గ్రంథాలయ వారోత్సవాలు ప్రతి సంవత్సరము నవంబరు 14 నుండి 20వ తేదీ వరకు పౌర గ్రంథాలయములలో జరిగే కార్యక్రమములు. వీటిని జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు అని కూడా అంటారు. 1968లో భారతీయ గ్రంథాలయ సంఘము పూనికతో ఇవి దేశవ్యాప్తముగా మొదలైనవి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో జిల్లా గ్రంథాలయ సంస్థల ఆధ్వర్యమున జిల్లా కేంద్ర గ్రంథాలయము మొదలుకొని మండల స్థాయి శాఖా గ్రంథాలయముల వరకు వీటిని జరుపుతారు. నగరములలోని పెద్ద గ్రంథాలయముల ఉత్సవములు పత్రికలలో వస్తూనే ఉంటాయి. కావున ఈ వ్యాసములో చిన్న ఊళ్ళ శాఖా గ్రంథాలయములకు ఎక్కువ చోటు ఇవ్వబడినది. ఉదాహరణకు కోనసీమలోని సఖినేటిపల్లి, రాజోలు ప్రాంతమును తీసుకొనడమైనది.

నవంబరు 14 ఎందుకు?

నవంబరు 14 జవహర్‌లాల్ నెహ్రూ జన్మదినము, బాలల దినోత్సవము. వారోత్సవములు ఆ రోజున మొదలు కావడానికి అదే కారణమని చాలామంది విద్యార్థులు, కొన్నిచోట్ల వేదికనెక్కిన వక్తలు కూడా అనుకుంటారు. అసలు కారణము వేరు. 1919 నవంబరు 14న మద్రాసులో మొదటి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగినది. బరోడా సంస్థానపు గ్రంథాలయ శాఖకు చెందిన జె.ఎస్. కుడాల్కర్ దానికి అధ్యక్షత వహించెను. ఆ సభ ఏర్పాటుకు మూలపురుషుడు తెలుగువాడైన అయ్యంకి వెంకటరమణయ్య. అనగా దేశమంతా జరుపుకొనే ఈ వారము తేదీలోనే తెలుగువారి గ్రంథాలయోద్యమపు ముద్ర ఉన్నది.

అయ్యంకి 1890లో తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో జన్మించెను. కోనసీమ పాఠకులకు ఆయన పొరుగూరివాడే. ఆయనకు 1972లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 1979లో మరణించెను. తెలుగునాట ఆయనను గ్రంథాలయోద్యమ పితామహుడని పిలుస్తారు.

ఉద్యమ కాలపు కార్యక్రమాలు

నేటి వారోత్సవ కార్యక్రమముల మూలములు ప్రభుత్వ ఉత్తర్వులకన్న చాలా పాతవి. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయములో ఆంధ్రదేశములోని గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షుడు. అప్పటికే ఊరూరా చందాలతో నడిచే గ్రంథాలయములు ఏర్పడుతూ ఉన్నవి. సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురము మీదుగా పోతే వచ్చే భీమవరము ప్రాంతములోని కుముదవల్లిలో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయము 1897లో పుట్టినది. రాజమహేంద్రవరములో వసురాయ, రత్నకవి గ్రంథాలయములు రెండూ కలిసి గౌతమీ గ్రంథాలయముగా రూపొందినవి. వేటపాలెములో 1918లో మొదలైన యువజన సంఘము సారస్వత నికేతనముగా ఎదిగినది. 1929లో మహాత్మా గాంధీ అక్కడికి వచ్చి భవనమునకు శంకుస్థాపన చేసెను.

ఈ గ్రంథాలయములకు ఒక చిక్కు ఉండేది. పుస్తకములు బీరువాలలో ఉన్నవి, ఊరిలో చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. అందుచేత గ్రంథాలయము నడిపేవారు పుస్తకమును చెవి ద్వారా అందించే ఉపాయములు వెదికిరి. సాయంకాలము ఒకరు వార్తాపత్రికను బిగ్గరగా చదువుతూ ఉంటే మిగిలినవారు అరుగు మీద కూర్చుండి వినేవారు. పురాణ కాలక్షేపము, హరికథ, భజన, రాత్రి పాఠశాల, ఉపన్యాసము, ఇవన్నీ గ్రంథాలయ కార్యక్రమములే. పొలము నుండి వచ్చిన రైతు మొదట హరికథకు వచ్చి, ఆ తరువాత అక్షరములు నేర్చి, ఆ పైన పుస్తకము పట్టుకోవాలనేది వారి ఆలోచన. కార్యక్రమము వలన గ్రంథాలయమునకు కొత్త పాఠకులు రావాలి. వచ్చినవారు మిగలాలి. ఈ కొలమానమును నేటి ఉత్సవములకు కూడా వర్తింపజేసి చూడవచ్చును.

గ్రంథాలయ యాత్రలు ఆ కాలపు మరొక విశేషము. ఉద్యమకారులు జట్టుగా ఊరినుండి ఊరికి పోయి, ఉన్న గ్రంథాలయమును చూచి, లేని ఊరిలో సభ పెట్టి గ్రంథాలయమును స్థాపించమని ప్రోత్సహించేవారు. తీర్థయాత్రల పేరును పుస్తకములకు తగిలించడము జనులను ఆకర్షించినది.

కాలువల ప్రాంతము వారు తప్పక తెలిసికొనవలసినది పడవ గ్రంథాలయము. గుంటూరు జిల్లా పెదపాలెములోని సర్వోత్తమ గ్రంథాలయము వారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో నడిచే పడవలో ప్రయాణికుల కొరకు పుస్తకములు, పత్రికలు ఏర్పాటు చేసిరి. దీనికి సూత్రధారి పాతూరి నాగభూషణము. గ్రంథాలయము పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గౌరవార్థము పెట్టినది. పడవ ప్రయాణమునకు గంటల తరబడి సమయము పట్టేది. ఆ సమయములో ప్రయాణికునికి వేరే పని లేదు. పాఠకుని తీరిక ఎక్కడ ఉన్నదో అక్కడికే పుస్తకమును తీసుకొనిపోవడము ఇందలి కిటుకు. గోదావరి డెల్టాలోను పూర్వము కాలువ పడవలే ప్రధాన ప్రయాణ సాధనములు. సఖినేటిపల్లి, నరసాపురముల మధ్య వశిష్ఠ గోదావరిపై నేటికీ రేవు నడుస్తున్నది. రేవు వద్ద పంటు కొరకు వేచి ఉండేవారి చేతిలో ఇప్పుడు పుస్తకమునకు బదులు సెల్‌ఫోను ఉన్నదన్నది వేరే సంగతి.

చట్టము, పన్ను, శాఖా గ్రంథాలయము

1948లో మద్రాసు రాష్ట్రములో పౌర గ్రంథాలయ చట్టము వచ్చినది. స్వతంత్ర భారతదేశములో ఇటువంటి చట్టములలో ఇదే మొదటిది. దీని వెనుక ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఉన్నది. కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రములోనివి గనుక ఇక్కడికీ అది వర్తించినది. హైదరాబాదు రాష్ట్రములో 1955లో వేరొక చట్టము వచ్చినది. ఈ రెండింటి స్థానములో 1960లో ఆంధ్ర ప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ఏర్పడినది.

ఈ చట్టము ప్రకారము పంచాయతీలు, పురపాలక సంఘములు ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇంటి పన్ను రసీదును జాగ్రత్తగా చూస్తే ఈ పద్దు కనిపిస్తుంది. అనగా గ్రంథాలయము గడప తొక్కని గృహస్థు కూడా దానికి చందాదారుడే. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు సకాలములో జమ చేయక బకాయి పెట్టడము చిరకాలముగా ఉన్న సమస్య. ఆ బకాయిల ప్రభావము ముందుగా కనిపించేది కొత్త పుస్తకముల కొనుగోలులోను, ఇటువంటి కార్యక్రమములలోను. పుస్తకముల విషయములో కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము (1972లో స్థాపితము) కొంత సహాయము చేస్తున్నది.

శాఖా గ్రంథాలయము సాధారణముగా ఉదయము మూడు గంటలు, సాయంత్రము మూడు గంటలు తెరచి ఉంటుంది. శుక్రవారము సెలవు. నవంబరు 14 నుండి 20 వరకు ఏడు రోజులు గనుక ఏ సంవత్సరమైనా ఒక శుక్రవారము వారోత్సవములలోనే పడుతుంది. కార్యక్రమ పట్టిక వేసేవారు మొదట చూచుకొనవలసినది ఇదే. పలుచోట్ల గ్రంథపాలకుడు ఒక్కడే ఉంటాడు. అతడు పాఠశాలలకు తిరిగి పోటీలకు పిల్లలను పిలవాలి, షామియానా, కుర్చీలు చూడాలి, అతిథులను ఆహ్వానించాలి, దాతలను అడగాలి. ఈ మధ్యలో పుస్తకము కావాలని వచ్చినవానికి సమాధానము చెప్పేవారుండరు. గ్రంథాలయ వారోత్సవములలోనే పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనడము మందగించడము విచిత్రమే అయినా, ఒంటి సిబ్బందితో వేరే దారి లేదు.

ఏడు రోజుల కార్యక్రమము

కార్యక్రమములు ఊరినిబట్టి మారుతాయి గాని స్థూలముగా ఒక వరుస ఏర్పడినది. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, నెహ్రూ చిత్రపటమునకు పూలమాల, పుస్తక ప్రదర్శన ప్రారంభము. ఒక రోజు అయ్యంకి, గాడిచర్ల, పాతూరి, రంగనాథన్ మొదలైన గ్రంథాలయోద్యమ నాయకుల సంస్మరణ. ఒక రోజు కవి సమ్మేళనము. విద్యార్థులకు వ్యాసరచన, వక్తృత్వము, చిత్రలేఖనము, క్విజ్ పోటీలు. నవంబరు 19 ఇందిరా గాంధీ జన్మదినము గనుక దానిని మహిళలకు కేటాయించి ముగ్గుల పోటీలు, సభలు జరుపుతారు. 20న బహుమతి ప్రదానము, ముగింపు సభ.

వీటిలో పుస్తక ప్రదర్శన అన్నిటికన్న ముఖ్యమైనది, అన్నిటికన్న అశ్రద్ధకు గురయ్యేది కూడా. బీరువాలోని పుస్తకములను బల్లపై పరచినంత మాత్రమున ప్రదర్శన కాదు. ఆ ప్రాంతమునకు సంబంధించిన పుస్తకములను వెదికి ముందు వరుసలో పెడితే పాఠకుడు ఆగి చూస్తాడు. రాజోలు ప్రాంతములో మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్న (1911) రచనలు, 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ఆయన కావ్యము గుడిసెలు కాలిపోతున్నాయి, మొక్కపాటి నరసింహశాస్త్రి నవల బారిష్టరు పార్వతీశము ఇటువంటివి. ఆ నవల కథానాయకుని స్వగ్రామము మొగల్తూరు, నదికి ఆవలి ఒడ్డున నరసాపురమునకు దగ్గరలోనే ఉన్నది. తమకు తెలిసిన ఊరి పేరు అట్ట మీదనో లోపలనో కనిపించిన పుస్తకమును పిల్లలు తప్పక తెరుస్తారు.

వక్తృత్వ పోటీల గురించి ఒక మాట. చాలాచోట్ల ఉపాధ్యాయుడు వ్రాసి ఇచ్చినదానిని విద్యార్థి కంఠస్థము చేసి అప్పజెబుతాడు. దీనివలన గొంతు విప్పడము అలవడుతుంది, కాదనలేము. కాని ఆ విద్యార్థి గ్రంథాలయములోని ఒక్క పుస్తకమును కూడా తాకకుండానే ప్రథమ బహుమతి పొందవచ్చును. దీనికి బదులు నెల రోజుల ముందుగా కొన్ని పుస్తకములు ప్రకటించి, చదివినదానిని గురించి సొంత మాటలలో చెప్పమనే పద్ధతి మేలు. అప్పుడు పోటీకి ముందే పుస్తకములు ఇంటికి వెళ్తాయి. బహుమతులుగా స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, షీల్డులు ఇచ్చే అలవాటు కూడా ఆలోచించదగినదే. దాత ఇచ్చే సొమ్ముతో విజేతకు ఒక పుస్తకము ఇచ్చి, సభ్యత్వమునకు కట్టవలసిన ధరావతును కూడా చెల్లిస్తే ఆ పిల్లవాడు 21వ తేదీన కూడా గ్రంథాలయమునకు వస్తాడు. మిగిలినది శాలువాలకు, ఫ్లెక్సీలకు ఎంత కావాలో నిర్వాహకులకే తెలుసు.

ఋతువు, పంట, తీర్థము

దేశమంతటికీ ఒకే తేదీలు నిర్ణయించినప్పుడు స్థానిక పరిస్థితులు లెక్కలోనికి రావు. కోనసీమలో నవంబరు తుఫానుల కాలము. 1996 నవంబరు 6న కోనసీమ తీరమును తాకిన పెను తుఫాను వేయిమందికి పైగా ప్రాణములు తీసి, లక్షల కొబ్బరి చెట్లను కూల్చినది. ఆ ఏడు వారోత్సవములకు అప్పటికి ఎనిమిది రోజులే ఉన్నవి. అంతటి విపత్తు ప్రతి ఏడూ రాదు గాని, ముసురు పట్టినప్పుడు ఆరుబయట షామియానా సభ సాగదు. ఇదే నెలలో సార్వా వరి కోతలు మొదలవుతాయి. కూలీలు, రైతులు పగలంతా పొలములలో ఉంటారు. పగటి సభలకు పాఠశాలల పిల్లలే ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణము. కార్తీక మాసపు పూజలు, వనభోజనములు కూడా ఇంచుమించు ఈ రోజులలోనే.

ఇందుకు భిన్నముగా సఖినేటిపల్లి మండలములోని అంతర్వేదిలో మాఘ మాసమున లక్ష్మీనరసింహస్వామి కల్యాణము, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవము జరిగే రోజులలో జనము తమంతట తామే వేలాదిగా వస్తారు. అప్పటికి వాన ఉండదు, సార్వా పంట ఇంటికి చేరి ఉంటుంది. ఉద్యమ కాలపు కార్యకర్తలు జనము ఎక్కడ గుమిగూడితే అక్కడికి వెళ్ళిరి. ఆ లెక్కన ఇక్కడ పుస్తక ప్రదర్శనకు, సభ్యత్వ నమోదుకు నవంబరుకన్న మాఘమాసమే అనుకూలము. వారోత్సవములు వాటి తేదీలలో జరుగుతూ ఉండగానే, తీర్థములో ఒక పుస్తకాల బల్ల వేయడానికి ఏ ఉత్తర్వూ అడ్డురాదు.

సంవత్సరములో ఇతర కార్యక్రమాలు

వారోత్సవములు కాక శాఖా గ్రంథాలయములలో ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినోత్సవము (యునెస్కో 1995లో ప్రకటించినది), ఆగస్టు 12న రంగనాథన్ జయంతి సందర్భముగా గ్రంథపాలకుల దినోత్సవము, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి నాడు తెలుగు భాషా దినోత్సవము జరుపుతారు. ఇవి ఒక పూట సభలు మాత్రమే.

వీటన్నిటికన్న ఎక్కువ ఫలము ఇచ్చేవి వేసవి విజ్ఞాన శిబిరములు. పాఠశాలలకు సెలవులు ఇచ్చిన తరువాత కొన్ని వారముల పాటు ఉదయము పూట పిల్లలను గ్రంథాలయమునకు రప్పించి కథల పుస్తకములు చదివిస్తారు. చదివిన కథను తిరిగి చెప్పిస్తారు. బొమ్మలు గీయడము, ఆంగ్ల సంభాషణ, చదరంగము, క్యారమ్స్ వంటివి కూడా ఉంటాయి. ఇక్కడ వేదిక లేదు, ముఖ్య అతిథి రోజూ రాడు, పిల్లవాడు అనేక రోజులు వరుసగా అదే గదికి వస్తాడు. ఏ బీరువాలో ఏమున్నదో వానికి తెలుస్తుంది. విశ్రాంత ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు రోజుకొకరు వచ్చి ఒక గంట కథ చెప్పగలిగితే ఒంటి గ్రంథపాలకునికి సభ్యుల చేర్పు, పుస్తకముల జారీ చూచుకొనే వీలు కలుగుతుంది. చేరదలచినవారు తమ ఊరి శాఖా గ్రంథాలయములో పని వేళలలో అడిగి పేరు నమోదు చేసికొనవచ్చును.