యానాం పండుగలు, ఉత్సవాలు

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట ఉన్న చిన్న పట్నం యానాం. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది ఉన్నారు. చుట్టూ ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ, కోనసీమ జిల్లాలు. పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న పుదుచ్చేరిది. మాట, వంట, మొక్కుబడి, పెళ్ళితంతు అన్నీ గోదావరి జిల్లాలవే అయినా, యానాం ఉత్సవాల చరిత్ర పక్క ఊళ్ళ చరిత్రలా సాగలేదు. ఈ ఊళ్ళో జనం కిక్కిరిసిన రోజుల్లో చాలావాటికి ముహూర్తం పెట్టింది పంచాంగం కాదు, సరిహద్దు. పొలిమేరకు అవతల చెల్లని పని ఇవతల చెల్లేది. అవతల ప్రియమైన సరుకు ఇవతల చవగ్గా దొరికేది. అందుకే జనం వచ్చారు, తిరునాళ్ళు వాటంతటవే ఏర్పడ్డాయి.

మంగళవారం సంత

ఫ్రెంచివారు 1723లో యానాంలో వర్తక స్థావరం పెట్టారు. గిట్టుబాటు కాక 1727లో వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు. ఐరోపాలో ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఊరు చేతులు మారేది. 1814 పారిస్ ఒప్పందం తర్వాత ఫ్రెంచివారికి తిరిగి దక్కి, 1954 దాకా వారి చేతుల్లోనే ఉంది. 1814 నాటికి చుట్టుపక్కల గోదావరి సీమంతా మద్రాసు ప్రెసిడెన్సీ. దాని నడుమ ఈ ఒక్క ఊళ్ళో వేరే జెండా, వేరే చట్టం, వేరే సుంకాలు.

ఈ తేడాను మొదట సొమ్ము చేసుకున్నది మంగళవారం సంత. వారపు సంతలు గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్ళో లేవు? కానీ యానాం సంతకు వచ్చేవాళ్ళు వంకాయల కోసమో, బుట్టల కోసమో మాత్రమే వచ్చేవాళ్ళు కారు. అవతల సుంకం కట్టి కొనాల్సిన విదేశీ సరుకు ఇక్కడ తక్కువలో దొరికేది. కొన్న సరుకును పొలిమేర దాటించడం కొనుగోలుదారు తెలివిని బట్టి ఉండేది. దొంగసరుకు అని చట్టం అనేది, సంత సరుకు అని జనం అనేవారు. కాకినాడ వైపు నుంచి బళ్ళు, కోనసీమ వైపు నుంచి పడవలు మంగళవారం తెల్లవారేసరికి ఊరు చేరేవి. ఏడాదికోసారి వచ్చే తీర్థానికి ఉండే హడావుడి ఈ ఊరికి వారానికోసారి వచ్చేది.

పెళ్ళిళ్ళ ఊరు

1929 సెప్టెంబరులో బ్రిటిష్ ఇండియా శాసనసభ బాల్యవివాహ నిరోధక చట్టం చేసింది. హర్‌బిలాస్ శారదా ప్రతిపాదించినది కనుక దాన్ని శారదా చట్టం అన్నారు. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం నేరం. చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. ఫ్రెంచివారు స్థానికుల పెళ్ళి, వారసత్వం వంటి విషయాల్లో కులాచారాన్నే అంగీకరించేవారు.

ఇక చెప్పేదేముంది, సర్కారు జిల్లాల పెళ్ళివారు యానాం దారి పట్టారు. మంచి ముహూర్తాలున్న నెలల్లో పురోహితులకు, మేళగాళ్ళకు, వంటవాళ్ళకు, విడిది ఇళ్ళవాళ్ళకు తీరిక ఉండేది కాదు. ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా ఉంది. పేరు ముచ్చటగానే ఉంటుంది కానీ, ఆ ముచ్చట తల్లిదండ్రులది. నాన్న భుజం మీద నిద్రపోతూ పెళ్ళిపీటల దాకా వచ్చిన పిల్లలకు అందులో వాటా లేదు. ఇదే గోదావరికి ఎగువన, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న ఒక బాలవితంతువుకు పెళ్ళి చేయించి అర్ధశతాబ్ది తిరగక ముందే, దిగువన ఈ పెళ్ళిళ్ళ జాతర మొదలైంది. యానాం చరిత్ర చెప్పేవాళ్ళు దీన్ని వింతగా చెప్పి దాటేస్తుంటారు. సంస్కరణ ఒక గట్టున జరిగితే, దాన్ని తప్పించుకునే ఏర్పాటు ఇంకో గట్టున ఎంత త్వరగా కుదురుకుంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగునాట దొరకదు.

యానాం భారతదేశంలో కలిశాక ఆ రద్దీ పోయింది. పెళ్ళి పేరిట జనం రావడం మాత్రం ఈ చుట్టుపక్కల ఆగలేదు. గౌతమి అవతల మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం జరుగుతుంది. పెళ్ళి కుదరని అబ్బాయిలు, అమ్మాయిలు ఆ కల్యాణం చేయించుకోవడానికి దూరాభారాల నుంచి వస్తారు. యానాంలోని వెంకటేశ్వరస్వామికి మీసాలుంటాయి కనుక అందరూ మీసాల వెంకన్న అంటారు. ఏటా మార్చి ప్రాంతంలో జరిగే ఆయన కల్యాణోత్సవాలే ఊళ్ళో పెద్ద గుడి పండుగ.

మూడు జెండా పండుగలు

ఫ్రాన్సు 1880లో జూలై 14ను జాతీయ పండుగగా ప్రకటించింది. అప్పటి నుంచి వలస పట్నాలన్నిటా అది సర్కారు పండుగే. పారిస్‌లో జైలు గోడలు బద్దలుకొట్టిన రోజును గోదావరి ఒడ్డున దొరలు, దొరల కొలువులోని తెలుగువాళ్ళు జరుపుకొన్నారు. ప్రజలు రాజు మీద తిరగబడిన పండుగను పాలితుల చేత చేయించడంలోని విడ్డూరం అప్పటి అధికారులకు పట్టినట్టు లేదు.

1954లో ఆ పండుగ స్థానంలోకి కొత్త తేదీలు వచ్చాయి. విలీనం కోరిన నాయకులు కొందరు అంతకుముందే పొరుగున ఉన్న భారత భూభాగంలో తలదాచుకున్నారు. యానాం వాడే అయిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో వాళ్ళు జూన్ 13న ఊళ్ళోకి వచ్చి పాలన చేజిక్కించుకున్నారు. పుదుచ్చేరి, కారైకాల్ ప్రజాప్రతినిధులు విలీనంపై ఓటు వేసింది ఆ అక్టోబరు 18న, కీళూరులో. యానాం అప్పటికే తన సంగతి తాను తేల్చుకుంది. నాలుగు ఫ్రెంచి స్థావరాల పాలన భారతదేశానికి చేతులు మారింది నవంబరు 1న. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి కానీ, అల్జీరియా యుద్ధం తేలేదాకా ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించలేదు. చట్టరీత్యా బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16న.

ఈ ఎనిమిదేళ్ళ ఎడం వల్ల యానాం బడిపిల్లలకు ఆగస్టులో జెండా వందనాలు వరసగా రెండు రోజులు వచ్చేవి: 15న దేశానికి, 16న పుదుచ్చేరికి. 2014లో పుదుచ్చేరి ప్రభుత్వం విమోచన దినాన్ని నవంబరు 1కి మార్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించింది కూడా నవంబరు 1నే. పొలిమేరకు అటూ ఇటూ ఒకే తేదీ, వేర్వేరు కథలు. ఊరివాళ్ళ జ్ఞాపకంలో బలమైనది మాత్రం జూన్ 13. తక్కిన రెండూ ఢిల్లీ, పారిస్, పుదుచ్చేరి కలిసి తేల్చిన తేదీలైతే, అది యానాం వీధుల్లో తేలినది.

ఫ్రెంచి కాలం నుంచి మిగిలిన వాటిలో 1846 నాటి కాథలిక్ చర్చి ఒకటి. సెయింట్ ఆన్స్ చర్చి అంటారు. క్రిస్మస్ రోజుల్లో దీని ముంగిట్లో అన్ని మతాలవాళ్ళూ కనిపిస్తారు.

ఎర్రనీళ్ళ కాలం

ప్రభుత్వాలు ఎన్ని మారినా మారని క్యాలెండరు గోదావరిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా సముద్రంలో మరపడవల వేట నిషేధం. దరియాలతిప్ప, సావిత్రినగర్ వంటి మత్స్యకార పల్లెల్లో అవి వలలు అల్లుకునే, పడవలు బాగుచేసుకునే రోజులు. పేటల్లో అమ్మవార్లకు జాతరలు చేసేది కూడా ఎక్కువగా ఎండాకాలంలోనే. గరగలు నెత్తిన పెట్టుకుని ఆడేవాళ్ళు, డప్పులవాళ్ళు వీధి వీధీ తిరుగుతారు. నిషేధం ముగిసిన రోజున గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి పడవ దింపుతారు.

తర్వాత ఆషాఢ శ్రావణాల్లో ఎగువ వానలకు గోదావరి ఎర్రబడుతుంది. సముద్రంలో విలసగా తిరిగే చేప గుడ్లు పెట్టడానికి ఆ వరదనీటికి ఎదురీది వస్తుంది. నదిలో పడ్డాక దాని పేరు పులస, ధర వేరు. గౌతమి ముఖద్వారానికి దగ్గర కావడంతో యానాం రేవుకు పులస ముందుగా అందుతుంది. వల నుంచి దిగిన చేపను అక్కడికక్కడే పాట పెడతారు. పాటలో నిలబడేది ఎక్కువగా చేపలమ్మే ఆడవాళ్ళే. చేప మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, పొట్ట నొక్కి జన ఉందో లేదో చూస్తారు, వీపు మీద వేలితో రాసి మెరుపు చూస్తారు. ఈ పరీక్ష క్షణాల్లో అయిపోతుంది. రెండు కిలోల చేప ఇరవై వేలు దాటి పలికిన సందర్భాలున్నాయి. కొన్న చేప సాయంత్రానికి కాకినాడలోనో, హైదరాబాదులోనో ఏ పెద్దమనిషి ఇంటికో చేరుతుంది.

ఇక వంట. మట్టిదాకలో చింతపండు పులుసు, బెండకాయలు, పచ్చిమిర్చి, పైన కాస్త వెన్న. కట్టెల పొయ్యి మీద సన్నని సెగన గంటలకొద్దీ మరగాలి. ఆ రాత్రి మూతపెట్టి ఉంచి మర్నాడు తింటారు. వండిన రోజే తినేవాళ్ళను గోదావరివాళ్ళు జాలిగా చూస్తారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత అందరికీ తెలిసిందే.

ఆషాఢమంటే కొత్త పెళ్ళికూతుళ్ళకు సారె పంపే నెల కూడా. 2021లో రాజమండ్రి నుంచి యానాంలోని వియ్యాలవారింటికి వెళ్ళిన ఒక సారె దేశమంతటా వార్త అయింది: టన్ను చేపలు, టన్ను కూరగాయలు, పది మేకపోతులు, జాడీల కొద్దీ పచ్చళ్ళు. ఆచారం పాతదే. దాన్ని లారీల మీద ఊరేగించడం కొత్త.

ఇదే గోదావరి కన్నెర్ర చేస్తే పండుగలు ఆగిపోతాయి. 2022 జూలై వరదలో యానాం కాలనీలు నీట మునిగాయి. కార్తికం దీపాల నెలే అయినా ఇక్కడివాళ్ళకు తుపాన్ల నెల కూడా. పక్కనే ఉన్న కోరంగి రేవును 1839 నవంబరు 25న ఉప్పెన తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడ్డ తుపాను యానాన్నీ వదల్లేదు.

స్నానాలు, తీర్థాలు

పుష్య బహుళ అమావాస్య నాడు యానానికి ఉత్తరాన చొల్లంగిలో స్నానాలు చేస్తారు. చొల్లంగి అమావాస్య అని దానికి పేరు. గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్ల మునిగే సప్తసాగర యాత్ర అక్కడే మొదలవుతుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరి, నరసింహస్వామి రథోత్సవంతో ముగుస్తుంది. శివరాత్రికి ద్రాక్షారామం, కోటిపల్లి దగ్గర్లోనే ఉండడంతో యానాం జనం అటు కదులుతారు.

పన్నెండేళ్ళకొకసారి వచ్చే గోదావరి పుష్కరాలకు యానాం రేవుల్లో పుదుచ్చేరి ప్రభుత్వం వేరుగా ఏర్పాట్లు చేస్తుంది. 2015 పుష్కరాలు మొదలైన తేదీ జూలై 14. ఒకప్పుడు ఫ్రెంచి జెండా ఎగిరిన రోజునే ఇక్కడ లక్షణంగా పుష్కర స్నానాలు మొదలయ్యాయి. తర్వాతి పుష్కరాలు 2027లో.

వంతెన తర్వాత

ఎదుర్లంక వైపు గౌతమి మీద బాలయోగి వారధి వచ్చాక కోనసీమకూ యానానికీ మధ్య పంటు ప్రయాణం చరిత్రలో కలిసింది. అంతకుముందు కారైనా, పెళ్ళిబృందమైనా, పశువులైనా పంటు ఎక్కాల్సిందే. జాతర రోజుల్లో రేవులో గంటల తరబడి పడిగాపులు. వంతెనతో ఊరి ఉత్సవాల తీరే మారింది. 1996 నుంచి పాతికేళ్ళు శాసనసభ్యుడిగా ఉన్న మల్లాడి కృష్ణారావు కాలంలో గోదావరి గట్టును విహారస్థలంగా తీర్చారు. విగ్రహాలు, ఎత్తైన టవరు, ఏనుగుల మధ్య శివలింగం వరసగా వెలిశాయి. రుచి విషయంలో అభిప్రాయభేదాలు ఉండవచ్చు, జనం రావడంలో లేవు.

ఏటా జనవరి 6, 7, 8 తేదీల్లో జరిగే యానాం ప్రజా ఉత్సవాలు ఆ కాలపు ఏర్పాటే. ఫల పుష్ప ప్రదర్శన, స్టాళ్ళు, సినిమావాళ్ళ రాక, రాత్రి పాటకచేరీలు ఉంటాయి. ప్రభుత్వం డబ్బు పెట్టి నడిపే పండుగ కనుక ఖజానా బిగిసిన ఏడాది సందడీ తగ్గుతుంది. కవి శిఖామణి నడిపే ‘కవిసంధ్య’ పత్రిక చుట్టూ సాగే కవిత్వ సభలు దీనికి పూర్తిగా వేరు. అక్కడ జనం కొద్దిమందే, వచ్చినవాళ్ళు మాత్రం కదలరు.

పాత సరిహద్దు లక్షణం ఇంకా పోలేదు. మద్యం మీద పన్ను పుదుచ్చేరిలో తక్కువ కావడంతో డిసెంబరు 31 సాయంత్రం కాకినాడ రోడ్డు మీద బళ్ళన్నీ యానాం వైపే. చెక్‌పోస్టులో పోలీసులకు అది ఏడాది మొత్తం మీద పెద్ద పండుగ. ప్రజా ఉత్సవాలకూ ఎక్కువమంది పొలిమేర దాటి వచ్చినవాళ్ళే. మరో వారానికి సంక్రాంతి వస్తుంది. అప్పుడు ప్రవాహం తిరగబడి యానాం కుర్రాళ్ళు కోడిపందేల బరులు వెతుక్కుంటూ కోనసీమలోకి వెళ్తారు. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చూడ్డానికి కుటుంబాలు బయల్దేరతాయి.