ఇంటింటి వాణి

మాట ఇంటిలో పుట్టి వీధిలో పెరుగును. అరుగుమీదను, కాలువగట్టునను, టీకొట్టు బల్లమీదను నలుగురు కూడినప్పుడే దానికి నిండుదనము వచ్చును. 2020వ సంవత్సరపు వేసవిలో ఆ నలుగురు కూడుటయే నిషిద్ధమైనది. అప్పుడు మాట ఏ త్రోవ పట్టినది? ఎవరికి వారు ఇంటిలో కూర్చుండి తమ గొంతును లోకమునకు వినిపించు పాడ్‌కాస్ట్ అను ప్రక్రియ మన యిండ్లలో ఎట్లు పాదుకొన్నది? దాని వెనుకనున్న నూరేండ్ల చరిత్ర యెట్టిది? నెల్లూరి సీమలోని కోవూరును నడుమ నిలుపుకొని ఈ సంగతులను ముచ్చటింప దలచినాము.

నెల్లూరు విడిచి ఉత్తరముగా పెన్న దాటినచో కోవూరు. ఒకవంక మద్రాసు నుండి కలకత్తా పోవు రాజమార్గము, వేరొకవంక పడుగుపాడు రైలుస్టేషను, చుట్టును వరిమళ్లు. రాకపోకలే ఊపిరిగా బ్రదికిన ఊరది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా వ్యాధిని మహమ్మారిగా ప్రకటించినది. ఆ మరునాడే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున మొట్టమొదటి రోగి నెల్లూరిలో ఉన్నట్లు బయటపడినది. 22న జనతా కర్ఫ్యూ జరిగినది. 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్ అమలైనది. మొదట 21 దినములే యనుకొన్నది మూడుమార్లు పొడిగింపబడి మే 31 వరకు సాగినది. ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. పెన్న వంతెనమీద సందడి సద్దుమణిగినది. ఏరు దాటినంతనే యున్న నెల్లూరు, కోవూరు వారికి దూరదేశమైనది.

మహమ్మారి మన దేశమునకు క్రొత్త కాదు. 1918లో బొంబాయి రేవున దిగిన విషజ్వరము దేశమంతయు ప్రాకి కోటి ఇరువది లక్షల మందికి తక్కువ గాకుండ పొట్టబెట్టుకొన్నదని చరిత్రకారుల అంచనా. అంత గొప్ప విపత్తు మన యిండ్లలో మిగిల్చిన జ్ఞాపకము మిక్కిలి స్వల్పము. ప్రభుత్వపు లెక్కలు ఉన్నవి, వైద్యుల నివేదికలు ఉన్నవి. ఒక పల్లెటూరి తల్లి ఆ దినములను ఎట్లు గడపినదో ఆమె నోట వినుటకు మార్గము లేదు. అమెరికాలోని పిట్స్‌బర్గు నుండి రేడియో ప్రసారములు క్రమముగా మొదలగుటకు ఇంకను రెండేండ్లు గడువవలసి యుండెను.

మన దక్షిణదేశమున ఆకాశమార్గమున మాట పంపవలెనను కోరిక మొదట కలిగినది ఏ ప్రభుత్వమునకో కాదు, కొందరు ఔత్సాహికులకు. 1924లో సి. వి. కృష్ణస్వామి సెట్టిగారు, వారి మిత్రులు కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ యేడు జూలై 31న ప్రసారము ప్రారంభించిరి. వారి మొదటి యంత్రము శక్తి 40 వాట్లు మాత్రమే. నేడు ఇంటి చావడిలో తిరుగు పంకాకు ఇంతకంటె ఎక్కువ విద్యుత్తు కావలెను. నాడు నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగము గనుక ఇది మన యింటి కథయే. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడినది. దాని యంత్రము మద్రాసు కార్పొరేషనుకు దక్కి, 1930లో మరల పలుకసాగినది. ఉత్సాహముతో మొదలిడిన వాణి నిలుచుటకు ఉత్సాహ మొక్కటియే చాలదను పాఠము ఆనాడే కానవచ్చినది.

పిమ్మట ప్రభుత్వపు రేడియో వచ్చినది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము మొదలైనవి. వార్త, సంగీతము, నాటకము, వ్యవసాయము, పిల్లల ఆటపాట అన్నియు ఇంటిలోనికి నడచి వచ్చినవి. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అయిరి. ముఖము చూడని గొంతును మనవారు బంధువుగా ఒప్పుకొనిరి. కోవూరు పొరుగున బుచ్చిరెడ్డిపాలెమున జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారు 1962లో కేంద్ర ప్రభుత్వమున సమాచార, ప్రసార శాఖామాత్యులై ఆకాశవాణికి పెద్దదిక్కుగా నిలిచిరి.

అయినను వినువారు లక్షలు, పలుకువారు పదులు. స్టూడియో పట్టణమున ఉండెను. దాని ద్వారము విద్వాంసులకును, కళాకారులకును, అధికారులకును తెరచుకొనెను. మడిలో నాట్లువేయు స్త్రీకి శ్రోతగా స్థానము దొరకినదే గాని వక్తగా దొరకుట అరుదు. వాయుతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. స్వచ్ఛంద సంస్థలు సముదాయ రేడియోలు నెలకొల్పుకొనుటకు కేంద్రప్రభుత్వము 2006లో అనుమతించినది. 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతమున మాచనూరు గ్రామమున సంఘం రేడియో ప్రారంభమైనది. దళిత స్త్రీలు తామే యంత్రము త్రిప్పి, తామే ప్రశ్నలడిగి, తమ విత్తనములను గూర్చియు, తమ పాటలను గూర్చియు తమ పలుకుబడిలోనే ప్రసారము చేసిరి. మాటాడు హక్కు పల్లెకు దిగివచ్చిన మజిలీలలో ఇది ముఖ్యమైనది.

పాడ్‌కాస్ట్ ఆ త్రోవలోనే తరువాతి మజిలీ. ఈ పేరు 2004లో ఇంగ్లండులోని గార్డియన్ పత్రిక వ్యాసములో తొలిసారి కానవచ్చినది. మరుసటి యేడే అమెరికాలోని ఒక ప్రసిద్ధ నిఘంటువు దీనిని ఆ సంవత్సరపు మాటగా ఎన్నుకొన్నది. దీని పద్ధతి సులభము. మాటను ముద్రించి అంతర్జాలమున ఒకచోట నుంచుదురు. చందాదారులైన శ్రోతల పరికరమునకు క్రొత్త భాగము తనంత తానుగా చేరును. రేడియోకు వేళ యున్నది, దీనికి లేదు. పొయ్యి దగ్గర పని ముగిసిన పిమ్మట వినవచ్చును, ఆపి మరల వినవచ్చును. స్తంభము అక్కరలేదు, తరంగపు అనుమతి అక్కరలేదు. 2016 తరువాత అంతర్జాలపు ధర తగ్గి, సెల్‌ఫోను పల్లెలకు చేరుటతో, స్టూడియో జేబులోనికి వచ్చినట్లయినది.

ఉపకరణము ముందే యున్నది. లాక్‌డౌన్ తీరికను, ఒంటరితనమును ఇచ్చినది. ఈ రెండును కలిసినచోట గొంతులు లేచినవి. నెల్లూరి హరికథా విద్వాంసుడు సాంబమూర్తిగారి కుమారుడు, లోకప్రసిద్ధుడైన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు సైతము ఆ దినములలో ఇంటినుండియే ఫేస్‌బుక్కు ద్వారా అభిమానులు కోరిన పాటలు పాడి, బాధితుల సహాయార్థము విరాళములు ప్రోగుచేసిరి. అంతటి గాయకునికిని, పేరులేని గృహిణికిని ఆనాడు ఒకటే వేదిక: నాలుగు గోడలు, ఒక ఫోను. అమెరికాలో నివసించు కిరణ్‌ప్రభగారి వంటివారు అంతకు చాలకాలము ముందునుండియే సాహిత్య ప్రసంగములను అంతర్జాలమున వినిపించుచుండిరి. ‘హర్షణీయం’ వంటి తెలుగు పాడ్‌కాస్టులు కథలను, రచయితల ముచ్చటలను శ్రోతల చెవిని వేసినవి.

ఈ స్వేచ్ఛకు మరియొక ముఖమును గలదు. ఆ దినములలో వదంతియు ఇదే ఫోనులో ప్రయాణము చేసినది. తెలియని వైద్యము తెలిసినట్లు చెప్పిన గొంతులును ఉండినవి. రేడియోలో మాట ప్రసారమగుటకు ముందు దానిని చూచు సంపాదకుడొకడు ఉండును. ఇంటి పాడ్‌కాస్టులో ఆ సంపాదకుడు పలుకువాడే. విన్నదానిని విన్నట్లుగాను, చూచినదానిని చూచినట్లుగాను వేరుచేసి చెప్పు నియమము లేనిచో స్వేచ్ఛ హాని కలిగించును.

ఇంత చరిత్ర చెప్పుటలో మా ఉద్దేశ్యము వేరొకటి కలదు. బాలసుబ్రహ్మణ్యముగారు అదే యేడు సెప్టెంబరు 25న కరోనా అనంతర సమస్యలతో కన్నుమూసిరి. వారి కంఠము వేలపాటలలో భద్రముగా నున్నది. 2021 వేసవిలో రెండవ విడత వ్యాధి ఎందరో పెద్దలను తీసికొనిపోయినది. అట్టి యిండ్లలో గోడమీద పటమున్నది, పెట్టెలో పత్రములున్నవి. గొంతు మాత్రము లేదు. పిల్లలను ‘పిలకాయలు’ అని పిలిచిన పిలుపు, ‘యాడికి’ అని అడిగిన యాస, మొలగొలుకుల పంటను గూర్చి చెప్పిన మాటల పొందిక వారితోనే వెడలిపోయినవి. పుస్తకము ఈ యాసను వ్రాయగలదే గాని పలుకలేదు.

కావున ఇంటి పాడ్‌కాస్టును కాలక్షేపముగా మాత్రమే తలపరాదు. వినువారు పదిమందియే కావచ్చును; వారిలో ఒకరు ఇంకను పుట్టని మనుమడు కావచ్చును. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్టను ముంచినప్పుడు చూచినవారు నేడును ఊరిలో ఉన్నారు. లాక్‌డౌన్‌లో ధాన్యము ఎట్లు ఇల్లు చేరినదో, వివాహములు ఎట్లు జరిగినవో, దూరమున మరణించిన బంధువును కడసారి చూడలేకపోయిన దుఃఖమెట్టిదో చెప్పగలవారు ఉన్నారు. అవ్వ యెదుట ఫోను నుంచి, పంకా ఆపి, వీధి తలుపు మూసి, గోడల ప్రతిధ్వని అణగుటకు ఒక బొంత పరచి కూర్చుండినచో చాలును. మొదట పేరు, ఊరు, తేదీ చెప్పించవలెను. ఆమె అనుమతిలేనిదే బయట వినిపింపరాదు. ప్రశ్న చిన్నదిగా నుండవలెను. మౌనము వచ్చినప్పుడు తొందరపడరాదు, ఆ మౌనము తరువాతనే అసలు మాట వచ్చును. ముద్రణము ముగిసిన పిమ్మట రెండు తావులలో భద్రపరచవలెను.

మద్రాసు క్లబ్బు మూడేండ్లే పలికినది. 2020లో మొదలైన ఇంటి గొంతులలోను అనేకము వీధులు తెరచిన వెంటనే మూగవోయినవి. అందు తప్పు పట్టవలసినది లేదు. పొలము పిలిచినది, బడి పిలిచినది, బ్రదుకు పిలిచినది. అయినను నెలకొక సాయంకాలము, అరగంట సేపు, ఇంటి పెద్దలను పలికించుట కష్టము కాదు. ఆకాశవాణి వారి ఎఫ్.ఎం. ప్రసారిణి నెల్లూరిలో 2022లో నెలకొన్నది. ఊరిమాట వినుటకు చెవులు పెరిగినవి. ఇక పలికించు పని మన యిండ్లది. విషజ్వరపు నాటి తల్లి మాట మనకు దక్కలేదు. మన నాటి తల్లుల మాట ముందుతరము వారికి దక్కునట్లు చూతము.