గేమింగ్ మానిటర్ కొలతల కథ

మానిటర్ ఎన్ని అంగుళాలో తెలుసుకోవాలంటే టేపును తెర పై మూల నుంచి ఎదురుగా ఉన్న కింది మూలకు పెట్టి చూస్తారు. గుండ్రటి గాజు గొట్టాల కాలం నుంచి వస్తున్న అలవాటు ఇది. తొలినాటి పిక్చర్ ట్యూబు ముఖం గుండ్రంగా ఉండేది కాబట్టి వ్యాసం చెబితే సరిపోయేది. తర్వాత ట్యూబు ముఖానికి నాలుగు మూలలు వచ్చాయి, వ్యాసం పోయి కర్ణం వచ్చింది, ఒకే అంకెతో తెర కొలత చెప్పే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. మన దేశంలో పెట్టె మీద 68.6 సెం.మీ. అని ముద్రించినా దుకాణంలో అందరూ అడిగేది 27 ఇంచుల మానిటరే. వెడల్పెంతో ఎత్తెంతో చెప్పని ఈ ఒక్క అంకె కొనేవాళ్లను చాలాసార్లు తప్పుదారి పట్టించింది.

తెర మీద ఆడిన మొదటి ఆటల్లో కొన్ని ఆ గుండ్రటి గాజు మీదే పుట్టాయి. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ నేషనల్ లేబొరేటరీలో సందర్శకుల కోసం విలియం హిగిన్‌బాథమ్ తయారుచేసిన టెన్నిస్ ఆట 5 అంగుళాల ఆసిలోస్కోపు మీద నడిచింది. అరచేయంత వెలుగులో అటూ ఇటూ ఎగిరే ఒక చుక్కను చూడటానికి జనం వరుస కట్టారు. మరుసటి ఏడాది అదే ఆటకు ఇంకా పెద్ద తెర పెట్టారు. 1962లో ఎంఐటీలో స్టీవ్ రసెల్, అతని మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద స్పేస్‌వార్ ఆటను తీర్చిదిద్దినప్పుడు వాళ్ల ముందున్నది 16 అంగుళాల గుండ్రటి ట్యూబు.

ఆట ఇంట్లోకి వచ్చేసరికి టీవీయే దానికి తెర అయింది. 1972లో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ గేమ్ కన్సోల్ కొన్ని తెల్లటి చుక్కలను, ఒక గీతను చూపగలిగేది, అంతే. మైదానం, రంగులు ఏవీ గీయలేకపోయేది. అందుకని ఆ బొమ్మలు ముద్రించిన పారదర్శకపు ప్లాస్టిక్ షీట్లను పెట్టెలో పెట్టి ఇచ్చేవారు. ఆడేవాళ్లు వాటిని టీవీ గాజుకు అంటించుకుని, వెనక కదిలే చుక్కను ఆ బొమ్మ మీద ఆడించుకోవాలి. షీటు గాజుకు సరిపోకపోతే చుక్క గీత దాటి బయటికి పోతుంది కాబట్టి వాటిని రెండు కొలతల్లో తయారుచేశారు. ఆటకు తగిన తెర కొలత అన్న ఆలోచన ఇంత సూటిగా కనిపించే పాత ఉదాహరణలు అరుదు.

1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన ఆకుపచ్చ అక్షరాల మానిటర్ సుమారు 12 అంగుళాలది. అది ఆఫీసు లెక్కల కోసం, 80 నిలువు వరుసల అక్షరాల కోసం చేసినది. రంగుల కార్డు పెట్టుకుంటే ఆటలకు దొరికేది అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, నాలుగు రంగులు. 1987లో వీజీఏ అనే గ్రాఫిక్స్ ప్రమాణం వచ్చి రంగులను 256కు పెంచింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇళ్లలో 14 అంగుళాల మానిటరే మామూలు. అందులో బొమ్మ కనిపించే భాగం ఎత్తు దాదాపు 20 సెంటీమీటర్లు, చిన్న నోటుపుస్తకమంత.

ఆ రోజుల్లో తెర చిన్నదైనందుకు పెద్దగా ఇబ్బంది లేదు, ఉన్న తెరను నింపడమే కంప్యూటర్‌కు కష్టంగా ఉండేది. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన డూమ్‌లో ప్లస్, మైనస్ మీటలు నొక్కి ఆట కనిపించే కిటికీని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. 386 ప్రాసెసర్ ఉన్నవాళ్లు మైనస్ నొక్కుకుంటూ పోయేవారు. నొక్కిన కొద్దీ చుట్టూ అంచు మందమవుతుంది, మధ్యలో ఆట కుంచించుకుపోతుంది, దానితోపాటే కదలిక సాఫీ అవుతుంది. 14 అంగుళాల తెరలోనూ సగమే వాడుకుని రాక్షసుల్ని కాల్చిన తరం అది. తెర పెద్దదైతే ఆట నెమ్మదిస్తుందన్న లెక్క, రూపం మార్చుకుని, ఇప్పటికీ గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లను వదల్లేదు.

గ్రాఫిక్స్ కార్డులు బలపడ్డాక 1990ల చివర 17, 19 అంగుళాల మానిటర్లు ఇళ్లకు వచ్చాయి. అయితే 17 అంగుళాలని కొన్న దాంట్లో కంటికి కనిపించేది 16 అంగుళాల లోపే, ట్యూబు అంచులు ప్లాస్టిక్ చట్రం వెనక దాగిపోయేవి. అమెరికాలో దీనిమీద వ్యాజ్యాలు నడిచాక కనిపించే కొలతను విడిగా చెప్పడం మొదలైంది. పెద్ద ట్యూబుకు బరువూ ఎక్కువే. సోనీ 24 అంగుళాల ఎఫ్‌డబ్ల్యూ900 సుమారు 42 కిలోలు, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. హైదరాబాద్, విజయవాడ నెట్ సెంటర్లలో కౌంటర్-స్ట్రైక్ ఆడినవాళ్లకు గుర్తుండేవి 15, 17 అంగుళాల డబ్బా మానిటర్లే.

పల్చటి ఎల్‌సీడీ తెరలు 2000ల మొదట్లో ఇళ్లకు చేరినా పోటీ ఆటగాళ్లు వాటిని త్వరగా నమ్మలేదు. వేగంగా కదిలే బొమ్మ వెనక నీడలా ఒక చార మిగిలేది. కొలతల్లో ఇంకో చిక్కు ఉండేది. 17 అంగుళాల తెరలోనూ, 19 అంగుళాల తెరలోనూ ఉండేది అవే 1280×1024 చుక్కలు. మొదటిదాంట్లో అంగుళానికి 96, రెండోదాంట్లో 86. ఎక్కువ డబ్బు పెట్టి 19 కొన్నవారికి చుక్కలు పెద్దవయ్యాయే తప్ప ఆటలో అదనంగా కనిపించినదేమీ లేదు. అంగుళాలు, చుక్కలు (పిక్సెళ్లు) రెండూ కలిపి చూస్తేనే కొలతకు అర్థమన్న సంగతి కొనుగోలుదార్లకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఆ దశాబ్దం చివర తెరల వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9కు మారింది. టీవీలకూ మానిటర్లకూ ఒకే ఆకారం ఉంటే పెద్ద గాజు పలకను కోయడంలో వృథా తగ్గుతుంది. పైగా ఒకే కర్ణానికి వెడల్పు తెర వైశాల్యం తక్కువ. ఫలితంగా పాత 19 అంగుళాల తెర ఇచ్చేసి 21.5 అంగుళాల వెడల్పు తెర కొన్నవారికి ఎత్తులో మూడు సెంటీమీటర్లకు పైగా పోయింది. పాత 30 సెంటీమీటర్ల ఎత్తు తిరిగి దొరకాలంటే 24 అంగుళాలకు వెళ్లాలి. ఆటగాళ్లకు మాత్రం ఈ మార్పు ఒకందుకు మేలే చేసింది, చాలా ఆటల్లో పక్కల నుంచి వచ్చే శత్రువు కాస్త ముందే కనిపించసాగాడు.

2009లో శాంసంగ్ 2233ఆర్‌జెడ్ వంటి 22 అంగుళాల తెరలు సెకనుకు 120 సార్లు (120 హెర్ట్జ్) బొమ్మ మార్చడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది బెన్‌క్యూ కౌంటర్-స్ట్రైక్ ఆటగాళ్ల సలహాలతో 23.6 అంగుళాల ఎక్స్ఎల్2410టీ తెచ్చింది. అక్కడి నుంచి 24 అంగుళాలు పోటీల కొలతగా స్థిరపడింది. ఆ తెర వెడల్పు 53 సెంటీమీటర్లు. టోర్నమెంటు బల్ల దగ్గర ముఖం తెరకు అర మీటరు దూరంలో ఉంటే ఒక మూల మ్యాపు, ఇంకో మూల తూటాల లెక్క, నడుమ గురి, అన్నీ తల తిప్పకుండానే అందుతాయి. 240 హెర్ట్జ్, 2020లో 360, 2023లో 540 వచ్చినా వాటి తొలి మోడళ్లన్నీ 24, 25 అంగుళాల దగ్గరే ఉన్నాయి. పేరున్న కౌంటర్-స్ట్రైక్ ఆటగాళ్లు చాలామంది ఆ వెడల్పు తెర మీద కూడా డబ్బా మానిటర్ల నాటి 4:3 బొమ్మనే సాగదీసి ఆడతారు. పక్కల చూపు తగ్గినా ఎదుటి మనిషి లావుగా కనిపిస్తాడని వాళ్ల నమ్మకం.

ఇంట్లో తీరిగ్గా ఆడేవాళ్లు 27 అంగుళాల వైపు జరిగారు. 27లో 1920×1080 పెడితే అంగుళానికి 82 చుక్కలే, అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 2560×1440 పెడితే 109. 2014లో ఆసుస్ పీజీ278క్యూ ఈ రెండో లెక్కను 144 హెర్ట్జ్‌తో జతచేశాక ఆ కూర్పు గేమింగ్ మానిటర్లలో నిలదొక్కుకుంది.

ఆ తర్వాత తెరలు పక్కలకు పెరిగాయి. 2014లో 34 అంగుళాల 21:9, 2017లో శాంసంగ్ 49 అంగుళాల 32:9 వచ్చాయి. 34 అంగుళాల తెర ఎత్తు సుమారు 33 సెంటీమీటర్లు, 49 అంగుళాలది 34. అంటే రెండూ 27 అంగుళాల తెరంత ఎత్తే. 49 అన్న అంకె చూస్తే 27కు దాదాపు రెట్టింపు, బల్ల మీద నిలబెడితే పాత తెరకు రెండు పక్కలా అతుకు వేసినట్టు ఉంటుంది. కళ్లు, మెడ అడ్డంగా తిరిగినంత సుఖంగా పైకీ కిందికీ తిరగవు, అందుకే పెరుగుదల అటు సాగింది. 49 అంగుళాల తెర వెడల్పు 120 సెంటీమీటర్లు. బల్లపరుపుగా ఉంటే 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి దాని చివరలు 85 సెంటీమీటర్ల అవతల పడతాయి. తెరను వంచాల్సి వచ్చింది అందుకే. పెట్టె మీద 1000ఆర్ అని ఉంటే ఒక మీటరు వ్యాసార్ధం గల వంపు అని అర్థం.

ఎత్తు పెంచి చూసిన ప్రయత్నమూ ఒకటి జరిగింది. 2020లో ఎల్‌జీ 48 అంగుళాల ఓలెడ్ టీవీ తెచ్చినప్పుడు దాని నలుపు, వేగం నచ్చి కొందరు దాన్ని తెచ్చి కంప్యూటర్ బల్ల మీదే పెట్టుకున్నారు. ఎత్తు 60 సెంటీమీటర్లు. ఆటలో పై మూలన ఉన్న అంకె చూడాలంటే తల ఎత్తాలి, లేదా బల్లను వెనక్కి జరిపి తెరను గోడకు బిగించాలి. కొన్నేళ్లకే అదే ఓలెడ్ 240 హెర్ట్జ్ వేగంతో 27 అంగుళాల్లో, 2024లో 4కె స్పష్టతతో 32 అంగుళాల్లో వచ్చింది. అప్పటికి 48 తెచ్చుకున్నవారిలో కొందరు టీవీని మళ్లీ హాల్లోకి చేర్చారు.