తొక్క తీసే పని ఎటు పోతే నష్టం అటు పోయింది

జామాయిల్, సుబాబుల్ వేసిన వాళ్ళకి కూలీల ఇబ్బంది నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు కర్ర నరకడానికి, తొక్క తీయడానికి మిషన్లు వస్తున్నాయి. మంచిదే. అయితే వీటిని మనకంటే ముందు వాడిన దేశాల్లో కర్రకు ఏం జరిగిందో కూడా తెలుసుకుందాం.

స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో చాలామంది రైతులకు సొంత అడవి ఉంటుంది. పూర్వం చలికాలంలో పొలం పని ఉండదు కాబట్టి గొడ్డలి, రంపం పట్టుకుని చెట్లు కొట్టేవారు. గుర్రాలతో మంచు మీద లాగి, మంచు కరిగాక ఏట్లో వదిలేవారు. మన గోదావరిలో టేకు దుంగలు రాజమండ్రికి దించినట్టే అనుకోండి. తొక్క తీస్తే దుంగ త్వరగా ఆరి బాగా తేలుతుంది. అందుకని చేత్తోనే చెక్కేవారు. దెబ్బంతా మనిషి నడుముకే, దుంగకు తక్కువ.

లారీలు వచ్చాక ఏటి రవాణా తగ్గిపోయింది. స్వీడన్‌లో 1991లో ఆఖరుసారి దుంగలు ఏట్లో దించారు. తొక్క తీసే పని మిల్లు లోపలికి పోయింది. కాగితం మిల్లుల్లో పెద్ద ఇనప డ్రమ్ములో దుంగలు వేసి తిప్పుతారు. ఒకదానికొకటి రాసుకుని తొక్క ఊడుతుంది. కానీ చివరలు చీపురు కట్టలా చితుకుతాయి, కొంత చెక్క కూడా తొక్కతో పాటే పోతుంది. ఆ తరుగు మిల్లుదే.

1980ల నుంచి హార్వెస్టర్లు బాగా పెరిగాయి. ఒకే మిషన్ చెట్టు పట్టుకుని కోసి, కొమ్మలు గీకి, ముక్కలు చేస్తుంది. దుంగను లాగే రోలర్లకు ఇనప ముళ్ళుంటాయి. అవి తొక్క దాటి చెక్కలో దిగబడతాయి. కాగితానికి ఇది పెద్ద లెక్క కాదు. కానీ పలకలు కోసే దుంగకు ముడులు తక్కువుండే మంచి చెక్క పైపొరలోనే ఉంటుంది. గాటు పడితే పోయేది అదే. తొక్క చిరిగిన చోట దుంగ త్వరగా ఎండుతుంది, బూజు పట్టి నీలం మచ్చ వస్తుంది. కోత పూర్తికాకముందే ముక్క వేలాడి విరిగితే చివర చీలుతుంది. ఇవన్నీ చూసి అక్కడ ముళ్ళు మార్చారు, రబ్బరు రోలర్లు కూడా తెచ్చారు.

ఇక మన జామాయిల్. దీని తొక్క పీచులా ఉండి డ్రమ్ముల్లో చుట్టుకుంటుంది. అందుకే బ్రెజిల్, దక్షిణాఫ్రికాల్లో చాలాచోట్ల తోటలోనే హార్వెస్టర్‌తో దుంగను ముందుకీ వెనక్కీ నడిపించి తొక్క తీస్తారు. పచ్చిగా ఉన్నప్పుడు సులువుగా వస్తుంది. ఎండితే చెక్కను పట్టేస్తుంది, అప్పుడు ఎక్కువసార్లు నడపాలి, గాట్లూ ఎక్కువే.

మన దగ్గర 1988 జాతీయ అటవీ విధానం వచ్చాక మిల్లులు కర్ర కోసం రైతు దగ్గరికి రావాలని తేలింది. అట్లా మన చేలల్లోకి జామాయిల్ వచ్చింది, చాలాచోట్ల తొక్క తీసే పనీ మన నెత్తిన పడింది. మొత్తం కథలో నాకు అర్థమైంది ఒక్కటే. ఆ పని మిల్లు గేటు లోపల జరిగితే తరుగు మిల్లుది, గేటు బయట జరిగితే మనది.

అందుకని మిషన్ మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు చూసుకోండి. ఒకటి, రేటు తొక్కతోనా, తొక్క లేకుండానా అని ముందే తేల్చుకోండి. రెండు, నరికిన రోజే తొక్క తీయించండి. మూడు, తీశాక కర్ర ఎండలో పెట్టకుండా వెంటనే కాటాకు పంపండి, ఆరిన ప్రతి కేజీ మన డబ్బే. నాలుగు, తొక్కను తగలబెట్టకండి. అందులో సున్నం ఎక్కువ, చేలోనే పరిస్తే భూమికి తిరిగొస్తుంది.

మీ ఊళ్ళో మిషన్ వాడి ఉంటే కర్ర ఎట్లా వచ్చింది, కాటా దగ్గర ఏమన్నారు రాయండి. పది మందికీ తెలుస్తుంది.